పడవ కంటే ముందు ఛాతీ స్కాను

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. స్కూబా డైవింగ్ గురించి రాస్తున్నా. మన గ్రూపులో దీని గురించి ఎవరూ రాయలేదు, నాకూ ఏడాది కిందటి దాకా ఏమీ తెలియదు.

మాది మంగంపేట, ఓబులవారిపల్లె మండలం. ముగ్గురాయి గనుల ఊరు. యానాదోళ్ళం. నాయన పౌడరు మిల్లులో మూటలెత్తేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా పిండి ఉండేది. ఆ పిండి చమురు బావులు తవ్వే చోటికి పోతుందని డిప్లొమా చదివేటప్పుడు తెలిసింది. దాన్ని బురదలో కలిపి బావిలోకి పంపుతారు, ఆ బరువుకు కింది గ్యాస్ ఒక్కసారిగా పైకి తన్నకుండా ఉంటుంది. అట్లా మా ఊరి దుమ్ము నాకంటే ముందే సముద్రాలు చూసొచ్చింది.

ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. మా టీంలో నలుగురు ఫిబ్రవరిలో లివ్‌అబోర్డ్ పోదామని, నన్నూ రమ్మన్నారు. లివ్‌అబోర్డ్ అంటే తినడం, పడుకోవడం అంతా పడవ మీదే, రోజుకు మూడు నాలుగు సార్లు సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగడం. మాల్దీవుల పడవలు ఎక్కువగా వారం రోజులవి, అంత సెలవు ఎవరికీ లేదు. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ నుంచి రెండు మూడు రాత్రుల పడవలున్నాయి కానీ విమానం టికెట్టుకే జేబు ఖాళీ. చివరికి థాయిలాండ్‌లో సిమిలాన్ దీవులు తేలాయి. ఖావో లాక్ దగ్గర ఎక్కితే మూడు నాలుగు రోజుల్లో తిరిగి రావచ్చు. సిమిలాన్ అనే పేరు మలై భాషలో తొమ్మిది అనే మాట నుంచి వచ్చిందంట, దీవులు తొమ్మిది కాబట్టి. అది నేషనల్ పార్కు. సుమారు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు.

పడవ వెతికే పని నా మీద పడింది. మొదట అందరిలాగే ఫోటోలు, రేట్లు చూశా. తర్వాత 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియాలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ కాలిపోయిన సంగతి చదివా. కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. బయటికి దారులు రెండున్నాయి, రెండూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకుంటాయి. రాత్రి కాపలా మనిషి లేడు. 2024 నవంబరు 25న ఎర్ర సముద్రంలో సీ స్టోరీ అనే పడవ మునిగింది. ఇక ఫోటోలు పక్కన పెట్టి ప్రతి పడవ వాళ్ళకూ ఒకే మెయిలు పంపా. రాత్రంతా మేలుకుని తిరిగే మనిషి ఉన్నాడా? పడుకునే చోటు నుంచి రెండు వేరు వేరు దారులున్నాయా? ఆక్సిజన్ ఉందా? ఒక గైడుకు ఎంతమంది? కొత్తగా కోర్సు చేసినవాళ్ళను ప్రవాహం ఎక్కువున్న చోట దించుతారా, ఆపుతారా? కొందరు నేరుగా జవాబిచ్చారు. ఒకరు డిస్కౌంటు గురించి మాత్రమే రాశారు. వాళ్ళను అప్పుడే కొట్టేశా.

మిగతా నలుగురికీ ఓపెన్ వాటర్ కార్డు ఉంది, 18 మీటర్ల దాకా దిగొచ్చు. నాకు లేదు. ఆ కోర్సులో 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం ఉంటాయి. అది నాకు కష్టం కాదు, నడుముకు ప్లాస్టిక్ క్యాను కట్టుకుని మామిడి తోట బావిలో నేర్చుకున్నవాణ్ణి. ముర్డేశ్వర్ దగ్గర నేత్రాణిలో చేద్దామనుకున్నా. వాళ్ళు పంపిన మెడికల్ ఫారం తెరిచి అక్కడ ఆగిపోయా.

పది ప్రశ్నలు. మొదటిదే ఊపిరితిత్తులు, శ్వాస, గుండె, రక్తం గురించి. "అన్నిటికీ నో కొట్టెయ్, మేమంతా అదే చేశాం" అన్నాడు మా టీం అన్న. నిజంగానే వాళ్ళకేమీ లేదు, కొట్టారు.

నాకు పదో తరగతిలో టీబీ వచ్చింది, 2014లో. హాస్టల్లో ఉండేవాణ్ణి. వారానికి మూడు రోజులు మాత్రలు, ఆరు నెలలు పూర్తిగా మింగా, తగ్గిపోయింది. తగ్గనిది ఇంకోటి. ఆ ఆరు నెలలు నా కంచం వేరుగా పెట్టారు, నా పక్కన పడుకునేవాడు చాప తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎక్కడా ఆ మాట ఎత్తలేదు. ఆఫీసులో నేను యానాదినని తెలిసింది ఇద్దరికే. టీబీ అని చెప్తే ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని ఒకదాని వెనక ఒకటి లాగుతారు. అందుకని నో మీదే వేలు పెట్టా. అబద్ధం చెప్పను, కొట్టేశా కూడా. పంపలేదు, అంతే.

రాత్రి నిద్ర పట్టక ఎందుకడుగుతారో చదివా. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ సిలిండరు గాలి నిండుగా పీల్చి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బుతుంది. మామూలుగా ఊపిరి వదులుతూ పైకొస్తారు కాబట్టి ఏమీ కాదు. కానీ ఊపిరితిత్తిలో ఎక్కడైనా మచ్చ ఉండి దాని వెనక గాలి ఇరుక్కుంటే అది బయటికి రాలేదు, అక్కడే పగలొచ్చు. గాలి బుడగ రక్తంలో కలిసి మెదడుకు పోతే మనిషి పోవచ్చు.

పొద్దున ఛాతీ డాక్టరు దగ్గరికి పోయా. ఎక్స్‌రేలో సన్న మచ్చ. ఊదే పరీక్ష బాగుంది. అయినా ఆయన సీటీ తీయించాడు. కుడి పైభాగంలో మచ్చ, దాని పక్కనే చిన్న గాలి తిత్తి. "మామూలు బతుక్కి దీంతో ఏ ఇబ్బందీ లేదు, పరుగెత్తు, ఈత కొట్టు. నీళ్ళ కింద సిలిండరు గాలి మాత్రం పీల్చొద్దు, నేను సంతకం పెట్టను" అన్నాడు. ముఖానికి అద్దం, నోట్లో పైపు పెట్టుకుని పైనే తేలుతూ చూడొచ్చన్నాడు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మనలో టీబీ మాత్రలు మింగినవాళ్ళు తక్కువేం కాదు. కార్డు లేకుండా ఒక్కసారి దించే డైవ్‌లు ఉంటాయి, విశాఖలో రుషికొండ దగ్గర కూడా. దానికీ ఇట్లాంటి ఫారమే ఇస్తారు. అందరికీ నాలాగే చెప్తారని కాదు. మచ్చ లేకపోతే సంతకం దొరకొచ్చు. ముందు స్కాను, తర్వాత అడ్వాన్సు.

టీం గ్రూపులో మెసేజి నాలుగు సార్లు రాసి తుడిచి, ఐదోసారి పంపా. టీబీ అనే రాశా, "లంగ్ ఇష్యూ" అని దాచలేదు. అరగంట ఎవరూ పలకలేదు. ఆ అరగంట హాస్టల్ కంచమే గుర్తొచ్చింది. తర్వాత ఒకమ్మాయి విడిగా రాసింది, వాళ్ళ నాన్నకూ వచ్చిందని, చుట్టాలకు ఇప్పటికీ చెప్పలేదని. టీం అన్న ఫోన్ చేసి, నో కొట్టమన్నందుకు తిట్టుకోవద్దన్నాడు. ఇంకొకడు ఈ మధ్య మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికి రావడం లేదు. పని ఎక్కువై రావడం లేదేమో. నేనూ అడగలేదు.

పడవ మళ్ళీ వెతికాం. కొన్ని డైవర్లను తప్ప ఎక్కించుకోవు. పైన తేలేవాళ్ళను కూడా తీసుకుని, వాళ్ళకు విడిగా చిన్న బోటు, మనిషిని ఇచ్చే పడవ ఒకటి దొరికింది. కాస్త పాతది, గదులు ఇరుకు, కానీ రాత్రి కాపలా గురించి ముందే జవాబిచ్చినవాళ్ళే. రిచెలూ రాక్ అనే పేరున్న చోటు దాని దారిలో లేదు. వాళ్ళు ముగ్గురు ఒప్పుకున్నారు, నాలుగోవాడు కొంచెం గొణిగి ఒప్పుకున్నాడు.

ఇంట్లో చెప్పడం చివరికి పెట్టుకున్నా. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడినప్పటి నుంచి అమ్మకు నీళ్ళంటేనే గుబులు.

"మూడు రాత్రుళ్ళు నీళ్ళ మీదనా? అన్నం ఎవురు పెడతారు?"

"పడవలోనే పెడతారంటమా, రోజుకు నాలుగు సార్లు."

"చేపలు నువ్వు పట్టబల్లేదా?"

"అక్కడ పట్టకూడదంట. ఊరికే చూడాలంట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "చేపల్ని చూసేదానికా అంత దుడ్డు!"