ఒట్టు... చుక్క ముట్టలేదు!

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ఒట్టేస్తే ఏమవుతుందో చిత్తూరులో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఏళ్ల తరబడి తేలని తగాదాలు కూడా 'కోనేట్లో మునిగి ప్రమాణం చెయ్యి' అనగానే తేలిపోతాయక్కడ. 'ఇక మందు ముట్టను స్వామీ' అని ప్రమాణం చేసి తాగుడు మానేసినవాళ్లు ఎంతోమంది. ఆయనా ఆ గుళ్లో ఒట్టేసినవాడే. కాకపోతే మానడానికి కాదు... అసలు మొదలుపెట్టకుండా ఉండటానికి!

ఆయన చిత్తూరు బెల్లం మండీలో గుమస్తా. వయసు 48. ఇరవై ఏళ్ల కిందట సొంత అన్న తాగి తాగి, కళ్లు పచ్చబడి, కడుపు కుండలా ఉబ్బి 41 ఏళ్లకే కన్నుమూశాడు. మైల తీరాక, అప్పటికి పెళ్లయి ఏడాదైనా నిండని భార్య ఆయన్ని కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయించింది. అప్పట్నుంచీ పెళ్లి విందుల్లో స్నేహితులు ఎంత బతిమాలినా ఆయన చేతిలో సోడా గ్లాసే.

అలాంటి మనిషికి ఆమధ్య కుడి డొక్కలో బరువుగా ఉంటోందని స్కాన్ తీయించారు. డిగ్రీ చదివే కూతురు రిపోర్టు విప్పి చదివింది. "నాయనా, గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్ అంట. అంటే లివర్లో కొవ్వు చేరిండాది." రక్తపరీక్షలో కాలేయ ఎంజైములూ ఎక్కువే ఉన్నాయి.

వంటింట్లో సంగటి కెలుకుతున్న తెడ్డు టక్కున ఆగిపోయింది.

"తాగనోడికి లివరు చెడిపోయేదేంది?"

భార్య అడిగింది ఆ ఒక్కమాటే. ఆ రాత్రి ఆయనకు ముద్ద గొంతు దిగలేదు. రెండ్రోజులకు వీధంతా తెలిసింది. "పొద్దుగూకినాక మండీలో ఏం జరగతాదో మనకేం తెలుసమ్మా" అంది ఓ పొరుగావిడ. "ఎముక ఇరిగితే పుత్తూరు కట్టు, లివరు చెడితే పసరు... పోసుకొని రా" అని ఓ పెద్దమ్మ సలహా. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. భార్యకి మాత్రం "మళ్లా కాణిపాకం పోదాం పా" అన్నాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. తిరుపతి బస్సెక్కించింది.

అలిపిరిలో తనిఖీ!

తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నే "మందు అలవాటుందా?" అని. "లేదు సార్" అన్నాడాయన. డాక్టర్ రాసుకున్నాడు. ఆమె మాత్రం ఊరుకోలేదు. "నిజం చెప్పండి సార్, తాగకుండా ఇట్లా అవతాదా?" అని అడిగేసింది.

డాక్టర్ నవ్వి, "తిరుమలకు పోయే ప్రతి బండినీ ఎక్కడ ఆపుతారమ్మా?" అన్నాడు. "అలిపిరి కాడ" అందామె.

"మన కాలేయమూ అంతే!"

పొట్టలో, పేగుల్లో మనం తిన్నదాన్ని మోసుకొచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయం గుండా వెళ్లాలి. కాలేయానికి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు అలా పేగుల నుంచి వచ్చేదే. అందులో చక్కెర ఉంటుంది, కొవ్వు ఉంటుంది, పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలూ ఉంటాయి. వాటిని పట్టుకుని మింగేయడానికి కాలేయపు రక్తనాళాల్లో కాపలా కణాలు కూర్చుని ఉంటాయి. వాటి పేరు కుఫర్ కణాలు. ఒంట్లో వివిధ అవయవాల్లో స్థిరపడిన ఇలాంటి 'మింగుడు కణాల్లో' నూటికి ఎనభైకి పైగా కాలేయంలోనే ఉంటాయంటే అదెంత పెద్ద తనిఖీ కేంద్రమో ఊహించుకోవచ్చు.

మామూలు రోజుల్లో ఇవి గొడవ లేకుండా పని చేసుకుపోతాయి. చిక్కంతా కొవ్వు చేరాకే. అవసరానికి మించి అన్నం, తీపి తిని, ఒళ్లు కదలకపోతే మిగిలిన చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుంది. కాలేయ కణాల్లో నూటికి అయిదుకు మించి కొవ్వు కనిపిస్తే అదే ఫ్యాటీ లివర్. చాలామందిలో కథ అక్కడితో ఆగిపోతుంది. కొందరిలో మాత్రం ఆ కొవ్వులోని కొన్ని ఆమ్లాలు కణాలకు విషమవుతాయి. కణాలు ఉబ్బుతాయి, పగులుతాయి. పగిలిన కణాల్లోంచి బయటపడ్డ సరుకును చూసి కుఫర్ కణాలు 'ఏదో జరిగింది' అని విజిలేస్తాయి.

ఇంకేముంది! ఎముక మజ్జ నుంచి కొత్త బలగాలు దిగుతాయి. మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్, టీ కణాలు... అన్నీ తెల్లరక్తకణాల్లో రకాలే. పాత కాపలాదార్లు కొందరు చనిపోతే వాళ్ల సీట్లలో కొత్తవాళ్లు కూర్చుంటారు. వీళ్లకు ఆవేశం ఎక్కువ. దొంగ దొరకడు, లాఠీచార్జి ఆగదు. దెబ్బలు తగిలేది మామూలు భక్తులకే... అంటే మంచి కాలేయ కణాలకే!

నక్షత్రాల గుట్టు

ఈ గొడవలో మరో పాత్ర ఉంది. 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ కుఫర్ కాలేయపు ముక్కకు బంగారు లవణంతో రంగు పట్టించి చూస్తే నక్షత్రాల్లాంటి కణాలు కనిపించాయి. తర్వాత మింగుడు కణాల్ని చూసి, రెండూ ఒకటేనని ఆయన పొరబడ్డాడు. ఆ చిక్కుముడిని విప్పింది 1971లో జపాన్ శాస్త్రజ్ఞుడు కెంజిరో వాకే. నక్షత్ర కణాలు వేరు, కుఫర్ కణాలు వేరు! నక్షత్ర కణాలు మామూలుగా విటమిన్ ఎ దాచుకుని కూర్చుంటాయి. కాపలా కణాల కేకలు విన్నాయా... ఆ పని వదిలేసి తాపీ పట్టుకుంటాయి. గాయమైన చోటల్లా పీచులాంటి పదార్థంతో పూత పూస్తాయి. ఏళ్ల తరబడి పూత మీద పూత పడితే కాలేయం గట్టిపడిపోతుంది. అదే సిరోసిస్.

"మా బావ పోయింది ఆ జబ్బుతోనే కదా సార్?" అందామె మెల్లగా.

"అవునమ్మా. ఆయన సారాతో పోయిన దారికే ఈయన బెల్లంతో పోతున్నాడు."

మండీలో పొద్దున్నుంచీ వచ్చే ప్రతి బుట్టలోంచీ చిన్న ముక్క నోట్లో వేసుకోవడం ఆయన ఉద్యోగం. దానికితోడు బెల్లం కాఫీలు. కూర్చున్నచోట నుంచి లేచేది తక్కువ. చిన్న బొజ్జేలే అనుకున్నాడు. నడుం చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు 90 దాటితేనే జాగ్రత్తపడాలంటారు.

"అయితే తాగలేదనే దానికి ఏం రుజువు సార్?" అని ఆయనే అడిగాడీసారి. డాక్టర్ చెప్పిన జవాబు ఆమెను ఆలోచనలో పడేసింది. కాలేయపు ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టినా తాగినవాడిదీ, తాగనివాడిదీ ఒకేలా కనిపించవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ అనే వైద్యుడు 1980లో తాగుడు అలవాటు లేని 20 మంది రోగుల గురించి రాసి, ఈ జబ్బుకు విడిగా పేరు పెట్టాడు. అంతవరకూ అలాంటివాళ్లు 'తాగలేదు' అంటే చాలామంది డాక్టర్లు నమ్మేవాళ్లు కాదు! ఇద్దరికీ ఇబ్బందే. అంటే చిత్తూరులో ఓ వంటింట్లో పుట్టిన అనుమానమే పెద్దపెద్ద ఆసుపత్రుల్లోనూ ఉండేదన్నమాట. 'తాగుడుతో సంబంధం లేని' అని పాత పేరులో ఉండే మాటనీ 2023లో తీసేశారు. ఇప్పుడది జీవక్రియలు గాడి తప్పడం వల్ల వచ్చే కాలేయ జబ్బు. మన కేంద్ర ప్రభుత్వం 2021లోనే దీన్ని మధుమేహం, గుండెజబ్బుల నివారణ కార్యక్రమంలో చేర్చింది.

మందా? మెట్లా?

మరి ఆ కాపలా బలగాల్ని రాకుండా ఆపేస్తే పోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. మోనోసైట్లకు పిలుపు అందకుండా చేసే సెనిక్రివిరాక్ అనే మందు మీద పెద్ద పరీక్షే పెట్టారు. ఆశించిన ఫలితం కనిపించక 2021లో ఆపేశారు. తర్వాత అమెరికాలో అనుమతి వచ్చిన మందులు వేరే దారి పట్టాయి. 2024 మార్చిలో వచ్చిన రెస్మెటిరామ్ కాలేయంలో కొవ్వు కరిగేలా చేస్తుంది. 2025 ఆగస్టులో ఇదే జబ్బుకు అనుమతి పొందిన సెమాగ్లుటైడ్ ఆకలిని, బరువును తగ్గిస్తుంది. అంటే కాపలావాళ్లను కొట్టడం కాదు, గొడవకు కారణాన్ని తీసేయడం!

"మీకైతే ఇప్పుడు మందులు అక్కర్లేదు. బరువు తగ్గండి. ఏం కలుపుతారో తెలియని పసర్ల జోలికి మాత్రం పోవద్దు, వాటితో ఉన్న కాలేయమూ చెడొచ్చు" అన్నాడు డాక్టర్. ఒంటి బరువులో నూటికి అయిదు కిలోల లెక్కన తగ్గితే కొవ్వు తగ్గుతుంది. ఏడు నుంచి పది తగ్గితే వాపు చల్లారుతుంది, గట్టిపడటమూ వెనక్కి మళ్లే అవకాశం ఉంది. చిత్రమేమంటే... గొడవ సద్దుమణిగాక ఆ మింగుడు కణాలే మారు మనసు తెచ్చుకుని, పేరుకున్న పీచును కరిగించే పనిలోకి దిగుతాయి. కొట్టిన చేతులే కట్టు కడతాయన్నమాట!

ఆయన బరువు 78 కిలోలు. తొమ్మిది నెలల్లో 71కి వచ్చాడు. రాత్రి అన్నం బదులు చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు. కాఫీ ఉంది, అందులో బెల్లం లేదు. రోజూ తెల్లవారుజామున గంట నడక. నడక అలవాటయ్యాక, డాక్టర్ని అడిగి నెలకోసారి అలిపిరి మెట్లు... అక్షరాలా 3,550. మండీలో ఇప్పుడు ముక్క నోట్లో వేసుకోడు. రంగు చూసి, వేలితో నొక్కి, విరిచి చూసి ధర చెబుతాడు. ఇప్పటిదాకా ఏ రైతూ తప్పుపట్టలేదు.

మొన్నటి స్కాన్‌లో గ్రేడ్ వన్. ఎంజైములు మామూలుకొచ్చాయి. ఆ ఆదివారం ముగ్గురూ కాణిపాకం వెళ్లారు. కోనేటి మెట్లు దిగుతూ ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మునిగొచ్చి ప్రమాణం చేస్తా, ఉండు" అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దులేయ్యా. దండం పెట్టుకో, చాలు."