రబ్బరు గొట్టం చెప్పిన సాక్ష్యం

యంత్రమన్నది కేవలం ఇనుపముక్కల కూర్పు కాదు. బలాల నడుమ కుదిరిన సమతూకం. ఈ సత్యాన్ని నేను పుస్తకాలలో చదివినా, కళ్లకు కట్టినట్లు బోధించినవారు గల్ఫులో చాలాకాలం మెకానిక్కుగా పనిచేసి వచ్చిన మా మామూ.

సామాన్యమైన ఇంజను గాలిని తానే పీల్చుకొంటుంది. టర్బోచార్జరు ఉన్న ఇంజనులో, బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని త్రిప్పగా, దానితోపాటు తిరిగే మరొక చక్రం గాలిని బలవంతంగా లోనికి నెడుతుంది. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన భావన యిది. గాలి పెరిగినప్పుడు పెట్రోలూ పెరగవలెను గదా! చిక్కంతా ఇక్కడే ఉన్నది. చాలా పెట్రోలు ఇంజనులలో ఇంజెక్టరు ఇంధనాన్ని చిమ్మేది ఆ ఒత్తిడిగల గాలిలోనికే. ఎదురు ఒత్తిడి హెచ్చినకొద్దీ చిమ్మే ధార సన్నగిల్లుతుంది.

దీనికి విరుగుడు ప్రెషర్ రెగ్యులేటరు. అందులో పలుచని పొర వంటి డయాఫ్రం ఉంటుంది. దానికి ఒకవైపు పెట్రోలు. మరొకవైపు స్ప్రింగు, ఒక రబ్బరు గొట్టం ద్వారా వచ్చే మానిఫోల్డు గాలి. స్ప్రింగు బలం 3 బార్లనుకొందాం. పెట్రోలు ఒత్తిడి ఆ రెండింటి మొత్తాన్ని మించితే కవాటం తెరుచుకొని, మిగులు ఇంధనం ట్యాంకుకు మరలిపోతుంది. టర్బో గాలిని 1 బారు పెంచితే పెట్రోలు 4 బార్లకు చేరుతుంది. తేడా మాత్రం ఎప్పుడూ 3 బార్లే. గొట్టం చీలితే పెట్రోలు 3 దగ్గరే ఆగి, తేడా 2కు దిగుతుంది. ధార ఆ తేడా వర్గమూలాన్ని అనుసరించేది గనుక, ఇంధనం సుమారు 18 శాతం తగ్గుతుంది. అప్పుడు మిశ్రమం పలుచనై, వేడి హెచ్చి, పిస్టను కరిగే ప్రమాదం కలుగుతుంది.

మామూ పనిచేసిన వర్క్‌షాపుకు ఒకనాడు పిస్టను తల కరిగిన కారొకటి వచ్చింది. అంతకుముందు దానికి ఆయిలు మార్చినది ఓ పేద కుర్రవాడు. ఆయిలు చాలక ఇంజను పాడయిందని, నష్టం వాడి జీతంలో కోస్తానని యజమాని పట్టుబట్టాడు. మామూ అతనిని వారించి, "సేఠ్, ఆయిలు తప్పయితే బేరింగులు అరగాలి. అవి చక్కగా ఉన్నాయి, చూడండి" అన్నారట. పిదప పెట్రోలు పంపును నడిపించి, రెగ్యులేటరు గొట్టంలోనికి చేతిపంపుతో 1 బారు గాలి ఎక్కించారు. మీటరు ముల్లు 3 దగ్గరనుండి కదలలేదు. గొట్టం మడతలో చీలిక బయటపడింది. కొత్త గొట్టం వేయగానే ముల్లు 4ను తాకింది. కుర్రవాడి జీతం నిలిచింది.

నేడు చాలా వాహనాలలో సెన్సరును చూచి కంప్యూటరే ఈ లెక్క కడుతున్నది. సాధనం మారినా సూత్రం మారలేదు. విద్యార్థి మిత్రులారా! భౌతికశాస్త్రపు సమీకరణం పరీక్షలో మార్కులను మాత్రమే గాక, ఒక్కొక్కప్పుడు నిరపరాధి అన్నాన్ని కూడా కాపాడుతుంది.