సరిపడని లెక్క

ఖాండవదహనమున నర్జునుఁ డగ్నికి వాన సోఁకకుండ బాణములతోఁ గప్పు గట్టెను. నేఁటి విమానపుటింజనులలో దీనికి మాఱుగా, లోహమున కగ్ని సోఁకకుండ గాలితోఁ గప్పు గట్టుదురు. అందలి టర్బైను రెక్కలపైఁ బ్రవహించు వాయువులు, ఆ రెక్కల నికెలు లోహము కరఁగు వేఁడిమిని సైతము మించియుండును. రెక్క గోడలోని సన్నని రంధ్రములనుండి వెలువడు చల్లని గాలి పలుచని పొరయై పఱచుకొని దానిని రక్షించును.

మా యాఁడుబిడ్డ యీ రంధ్రములనే పరిశోధించుచున్నది. మొన్న దసరాకు వచ్చినపు డామె మొగము చిన్నవోయి యుండెను. కారణ మడిగితిమి. పెరటిలో వంగనారునకు గొట్టముతో నీరు పెట్టుచు నామె యిట్లనియెను:

"వదినా, చూడుము. ధార వడిగా నున్నచో దగ్గఱి మొక్కలను దాఁటి దూరమునఁ బడుచున్నది. గుండ్రని రంధ్రమునుండి వడిగా వచ్చు గాలియు నిట్లే రెక్కను విడిచి లేచును. దాని క్రిందికి వేఁడివాయువు దూరును."

పిమ్మట ధార క్రింద నఱచేయి పట్టెను. నీరు మందగించి, విసనకఱ్ఱవలె విప్పుకొని దగ్గఱి నారును దడిపెను. "రంధ్రపు మొగమును వెడల్పు చేసినచో గాలియు నిట్లే పఱచుకొనును. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున గోల్డ్‌స్టైను మొదలగువారు 1974లోనే దీనిని చూపిరి."

"మఱి విచార మేల?"

"కంప్యూటరు లెక్కలోఁ బొర యిఱుకుగా వచ్చినది. ఇన్‌ఫ్రారెడ్ కెమేరాతోఁ గొలువఁగా వెడల్పుగా నున్నది. గాలి సుడులను సగటుగాఁ దీసికొను లెక్కలలో నీ లోపము తఱచు. ఒక్క గుణకమును మార్చినచో రెండును సరిపోవును. ఎవ్వరికిఁ దెలియును?"

మాకు సిగ్గు గలిగెను. మా వారి జీతపు లెక్క నెలాఖరున సరిపడనిచో "చిల్లర" యని వ్రాసి సరిపెట్టుట మా యలవాటు. ఆ మాట యామెకుఁ జెప్పి, "మా దొంగలెక్కవలనఁ బోవునది నూఱు రూపాయలు. నీ లెక్కవలనఁ బోవున దేమి?" అని యడిగితిమి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. "ఈ రంధ్రమునకు సరిపెట్టిన లెక్క వేఱొక రంధ్రమునకుఁ దప్పును. దానిని నమ్మి రెక్కను జేసినచో? లోహపు వేఁడిమి నంచనా వేయుటలో 30 డిగ్రీలు తప్పినను రెక్క యాయువు సగము కావచ్చును" అనెను.

తిరిగి వెళ్ళిన పిదప జాబు వ్రాసినది. రెండు ఫలితములను బ్రక్కప్రక్కనే చూపి భేదము నొప్పుకొనెనఁట. పెద్ద సుడుల నొక్కొక్కటిగా వెంబడించు వేఱు లెక్కను మొదలిడెనఁట. దానికిఁ జాల దినములు పట్టును.

సోదరీమణులారా! సరిపడని చోటును దాఁపక చూపిననే దాని కారణమును వెదకుదురు. మా పద్దుపుస్తకమున నీ నెల డెబ్బది రూపాయలు తేలలేదు. "తెలియదు" అని వ్రాసితిమి.