తొర్రలో పైడికంటి కాపురం

చెన్నపట్నంలో పెద్ద చెట్లు ఇంకా మిగిలి ఉన్న పేటలలో అడయారు ఒకటి. మేము కాపురముంటున్న భవనం ప్రహరీలోనే ఒక నిద్రగన్నేరు చెట్టు ఉన్నది. తమిళ సోదరులు దానిని తూంగుమూంజి మరం అంటారు. అంటే నిద్రమొగం చెట్టు. పొద్దు వాలగానే ఆకులు ముడుచుకుంటుంది గనుక ఆ పేరు వచ్చింది. తమాషా ఏమిటంటే, చెట్టు నిద్రపోయే వేళకు సరిగా దాని తొర్రలో ఒక సంసారం నిద్ర లేస్తుంది. ఆ సంసారాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో వేలాది చెట్లు కూలినవి. మా చెట్టు కూలలేదు గాని, ఒక పెద్ద కొమ్మ విరిగి పడ్డది. విరిగిన చోట యేటేటా వాన నీరు దిగి, చెక్క పుచ్చి, మెల్లగా తొర్ర యేర్పడింది. మొన్నటి మార్గశిరంలో ఒక సాయంత్రం ఆ తొర్రలో నుంచి రెండు పసుపుపచ్చని కళ్ళు మమ్ములను చూచినవి.

మా యింట్లో పెద్ద దిక్కు అత్తయ్యగారు. ఆమెది నెల్లూరు దగ్గరి పల్లె. సంగతి చెప్పగానే, "గుడ్లగూబా? ఇంటిమీద వాలితే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలంటారర్రా! మీరేమో దాన్ని చూచి మురిసిపోతున్నారు" అన్నారు. అప్పటికే భవనంలోని వారందరూ ఆ చెట్టు పాతదైపోయిందనీ, కొట్టించడానికి అనుమతి కోరాలనీ అర్జీ తయారు చేసి ఉన్నారు. దాని మీద మేమూ సంతకం చేశామని ఇక్కడ ఒప్పుకోవాలి. అప్పటికి మాకు అది ఒట్టి చెట్టే.

ఆనాటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు మేడమీద నిలబడి చూడడం మాకు అలవాటైంది. పక్షి జానెడు పొడవుంటుంది. బూడిద కలిసిన గోధుమరంగు ఒళ్ళు, దాని మీద చిలకరించినట్లు తెల్లని చుక్కలు. మనిషిని చూస్తే తల పైకీ కిందికీ ఊపి, గుడ్లురుముతుంది. గుడ్లగూబ జాతి కళ్ళను మనలాగ తిప్పలేదు. అందుకే మెడనే దాదాపు వెనుక దాకా తిప్పి చూస్తుంది. చీకటి పడే ముందు ఆలుమగలిద్దరూ కొమ్మమీద పక్కపక్కన కూర్చొని కీచుమని తగవులాడుకున్నట్లు అరుస్తవి. ఆ పిదప చెరొక వైపు వేటకు పోతవి. వీధి దీపం చుట్టూ మూగే పురుగులు, పేడపురుగులు, బల్లులు, చుంచెలుకలు, ఇవీ వాటి భోజనం.

దీనికి మన భాషలో మంచి పేర్లే ఉన్నవి. పైడికంటి అంటారు, పైడి వంటి కళ్ళు గలది అని అర్థం చెప్పుకోవచ్చు. పగిడిగంటె అనీ, పింగళ అనీ కూడా అంటారు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండి, నెల్లూరులో కూడా పనిచేసిన జెర్డన్ దొర 1862-64లో అచ్చు వేసిన తన గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లను కూడా ఎక్కించాడు. అంతకు ముందే, 1821లో టెమ్మింక్ అనే డచ్చి పండితుడు దీనికి శాస్త్రనామం పెట్టాడు. ఎథినీ బ్రామా అనే ఆ పేరులో మొదటి మాట గ్రీకుల జ్ఞానదేవతది. వంగదేశంలోనేమో గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. సరస్వతికీ లక్ష్మికీ దగ్గరైన పక్షి మన గుమ్మం ముందుకు వచ్చేసరికి మాత్రం దరిద్రం మోసుకువచ్చేది అయిపోయింది.

ఈ చెట్టు పోతే ఇవి ఎక్కడికి పోతవి? ఆ ప్రశ్న వచ్చి, ఒక ఉదయం దివ్యజ్ఞాన సమాజం వారి తోటకు వెళ్ళాము. 1882 నుంచి ఆ సమాజం అక్కడ ఉన్నది. పెద్ద మర్రి ప్రధానమైన మాను 1989 గాలివానకు ఒరిగిపోయినా, ఊడలు కాళ్ళూని నేటికీ నీడనిస్తున్నవి. మేము చెట్టు చెట్టుకూ తల పైకెత్తి తొర్రలు వెదికాము. ఒక తొర్రలో రామచిలుక, ఒక దానిలో గోరువంక, ఇంకొక దాని ముందు ఉడుత. ఖాళీ ఇల్లు ఒక్కటీ కనబడలేదు! పైడికంటికి గూడు కట్టడం రాదు, చెక్క తొలవడం రాదు. వడ్రంగిపిట్టో, కంసాలిపిట్టో తొలిచి విడిచిన కన్నమో, ముసలి చెట్టులో పుచ్చిన తొర్రో, పాత గోడలో సందో దొరికితేనే దానికి కాపురం. చెట్టుకు తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి. ఈ రోజు మొక్క నాటితే తొర్ర మన మనుమల కాలానికి గాని రాదు.

ఈ సంగతి కెనడాలో ఉన్న మా మేనల్లుడికి తెలియజేస్తే, అతడు అక్కడి విశేషం ఒకటి చెప్పాడు. ఆ దేశపు దేవదారు అడవులలో సా-వెట్ అనే బుల్లి గుడ్లగూబ ఉన్నదట. రంపానికి పదును పెడుతున్నట్లు అరుస్తుందని ఆ పేరు. అదీ వడ్రంగిపిట్ట వదిలిన తొర్రలోనే పిల్లలను కంటుంది. శీతకాలంలో దాచుకున్న ఎలుక మంచుకు గడ్డకట్టితే, గుడ్లను పొదిగినట్లు దాని మీద కూర్చొని, కరిగించుకొని తింటుంది. ఫిన్లండు అడవులలోనూ ఇటువంటి చిన్న గుడ్లగూబ ఉన్నది. అక్కడ తొర్రలున్న పాత చెట్లు తగ్గినవని, పక్షిప్రియులు చెక్కపెట్టెలు చేసి చెట్లకు కట్టి, వాటికి ఇళ్ళు ఇస్తున్నారు. మంచు దేశమైనా మన ఎండ దేశమైనా, వీటి బ్రతుకు ముసలి చెట్టును పట్టుకొనే ఉన్నది.

మన దేశంలోనే, ఉత్తరాన, మన పైడికంటికి ఒక అడవి చుట్టం ఉన్నది. 1872లో బ్లెవిట్ అనే ఆయన నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో దానిని పట్టి పంపగా, మరుసటి ఏడు హ్యూమ్ దొర ఆయన పేరే దానికి పెట్టాడు. 1884 తరువాత ఆ పక్షి జాడ తెలియలేదు. జాతి నశించిపోయిందనే పలువురు అనుకున్నారు. 113 ఏళ్ళ పిదప, 1997 నవంబరులో, పమేలా రాస్ముస్సెన్ అనే అమెరికా పండితురాలు, ఆమె సహచరులు మహారాష్ట్రలో షహాదా దగ్గరి అడవిలో దానిని మళ్ళీ చూచారు. అడవులు తరిగిపోవడంతో అది నేటికీ అరుదుగానే ఉన్నది. ఇవాళ మన వీధిలో ఉన్నది రేపూ ఉంటుందిలే అనుకోవడానికి లేదని ఆ చుట్టం కథ మాకు నేర్పింది.

మాఘమాసంలో ఒక ఉదయం చెట్టు మొదట్లో బొటనవేలంత నల్లని ఉండ ఒకటి దొరికింది. గుడ్లగూబ అరగని దానిని అలా కక్కేస్తుంది. కాగితం మీద విప్పి చూస్తే పురుగుల రెక్కల చిప్పలు, సన్నని ఎముకలు, ఒక చుంచెలుక దవడ. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూచారు. "మన వంటింట్లో బియ్యం డబ్బా కొరికిన వాళ్ళ చుట్టాలేనటే ఇవి?" అన్నారు. కొంచెమాగి, "పిల్లలు గలది. పిల్లలు గలదాన్ని ఇల్లు వెళ్ళగొట్టకూడదు" అన్నారు. ఆమె శకున భయం పూర్తిగా పోయిందని మేమనము. ఆ మాట తరువాత మాత్రం మా పెద్దవాళ్ళెవరూ గొడ్డలి మాట ఎత్తలేదు.

మేము వెళ్ళి అర్జీ మీద మా సంతకం కొట్టివేసి వచ్చాము. అలా చేయడానికి కొంత సిగ్గుపడ్డాము గాని, మరి రెండు ఇళ్ళవారు కూడా అదే పని చేశారు. చెట్టు తెలిసిన మనిషిని పిలిపించి చూపిస్తే, మాను గట్టిగానే ఉన్నదనీ, వీధి మీదకు ఒరిగిన రెండు ఎండు కొమ్మలు తీసివేస్తే చాలుననీ చెప్పాడు. పిల్లలు ఎగిరిన తరువాతనే తీయించాలని నిర్ణయమైంది. వానలు వెళ్ళాక తక్కిన మాట మళ్ళీ ఆలోచిద్దామని కొందరు అంటున్నారు. కాబట్టి కథ ముగిసిందని చెప్పలేము.

ఉగాది ముందు రోజు సాయంకాలం తొర్ర అంచున రెండు బదులు నాలుగు జతల కళ్ళు కనిపించినవి. అత్తయ్యగారు లెక్క పెట్టి, పిల్లలను పిలిచి చూపించారు. చదువరులలో ఎవరి వాకిట ముసలి చెట్టున్నా, దాన్ని గురించి తీర్మానం చేయబోయే ముందు ఒక్క సాయంకాలం, దీపాలు పెట్టే వేళ, దాని కింద నిలబడి పైకి చూడవలెనని మా మనవి.