పేళ్ళు లేవకుండా

నాన్న పుస్తకాలు ఊర్నించి వచ్చాయి. అట్టలు బాగా పాతవి, అరలో ఒక్క పేడు తగిలినా చిరుగుతాయి. వాటికోసం ఓక్ ప్లైవుడ్ షీటు ఒక్కటంటే ఒక్కటి తెచ్చి, ట్రాక్ రంపంతో కోస్తున్నాను.

ఈ ప్లైవుడ్ పైపొర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. రంపపు బిళ్ళ ముందువైపు పళ్ళు కిందనించి పైకి వస్తాయి కదా, పైన నొక్కిపట్టేది లేకపోతే పొర లేచిపోతుంది. ట్రాక్ అంచునుండే రబ్బరు పట్టీ చేసేది ఆ నొక్కే పనే. మొదటిసారి వాడేటప్పుడు ఆ పట్టీని మన బిళ్ళే కోసుకుంటుంది, అందుకే దాని అంచే కోత గీత. కాబట్టి మనక్కావలసిన ముక్క ట్రాక్ కిందే ఉండాలి.

మరి అవతలి ముక్క కూడా కావాలంటే? ముందు 2 మిల్లీమీటర్ల లోతున గాటు పెట్టండి. అంత తక్కువ లోతులో పళ్ళు నిటారుగా లేవవు, దాదాపు అడ్డంగా పోతాయి. ఆ తర్వాతే పూర్తి కోత. 48 పళ్ళ పదునైన బిళ్ళ, షీటు కింద ఫోమ్ ఉంటే మంచిది. రంపాన్ని తోసెయ్యకూడదు, అలాగని మధ్యలో ఆపితే చెక్క మాడుతుంది.

అన్నట్టు, పొద్దస్తమానం అన్‌డూ నొక్కే మనలాంటి వాళ్ళకి ఒక మాట: చెక్కకి ఆ మీట లేదు. ముందు పనికిరాని ముక్క మీద కోసి చూసుకోండి.