చదును చేసినా చిరునామా పోకూడదు

మాది హోసూరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కితే కన్నడం కూడా వినిపిస్తుంది. మా తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మేడి, గుంటక, కవ్వం అంటే ఏమిటో తెలియదు. అందుకని ఈ సంవత్సరం మా తొమ్మిదో తరగతి వాళ్ళం 3 వీధుల్లో 14 ఇళ్ళు తిరిగి, అవ్వల్నీ తాతల్నీ అడిగి పాత మాటలు రాసుకున్నాం.

వాటిని కంప్యూటరులో జావాస్క్రిప్టుతో దాచాం. వీధి లోపల ఇల్లు, ఇంటి లోపల మాటల వరుస. అవ్వ ట్రంకుపెట్టెలో ఇంకో చిన్న పెట్టె, దాంట్లో వక్కాకు సంచి ఉన్నట్టు. అచ్చు వేయాలంటే మాత్రం ఒకటే పొడుగు పట్టిక కావాలి.

పేర్లు పెట్టి సర్దిన పెట్టెని 'ఆబ్జెక్ట్' అంటారు. వరుసని 'అర్రే' అంటారు. 'ఆబ్జెక్ట్ డాట్ వాల్యూస్' పేర్లు వదిలేసి లోపలి సరుకు మాత్రం వరుసగా ఇస్తుంది. 'ఫ్లాట్' వరుసలో ఉన్న వరుసల్ని విప్పుతుంది. ఇది 2019లో భాషలో చేరింది. ఏమీ చెప్పకపోతే ఒక్క మడతే విప్పుతుంది. రెండు మడతలుంటే 2 అని చెప్పాలి. ఎన్నున్నాయో తెలియకపోతే 'ఇన్ఫినిటీ' అనాలి. అయితే ఫ్లాట్ ఆబ్జెక్టుల్ని ముట్టుకోదు. అందుకే ముందు వాల్యూస్, తర్వాత ఫ్లాట్. చివర 'సెట్'లో వేస్తే రెండిళ్ళలో వచ్చిన మాట ఒక్కసారే నిలుస్తుంది.

పట్టిక చక్కగా వచ్చింది. అప్పుడు మా జట్టులో ఒకమ్మాయి అడిగింది: "కుందెన అని ఏ అవ్వ చెప్పిందే?"

మంచి ప్రశ్న. ఇలా చదును చేస్తే మాట మిగులుతుంది, మాట ఇచ్చిన మనిషి మిగలరు. కాబట్టి వాల్యూస్ బదులు 'ఎంట్రీస్' తీసుకున్నాం. అది పేరునీ సరుకునీ జతగా ఇస్తుంది. 'ఫ్లాట్ మ్యాప్' ఒక్కోదాన్నీ మనం చెప్పినట్టు మార్చి, వెంటనే ఒక మడత విప్పుతుంది. దాంతో ప్రతి మాట పక్కనా వీధి పేరు, ఇంటి పేరు చేర్చుకుంటూ చదును చేశాం.

ఇప్పుడు ఒకే మాట నాలుగైదు సార్లు కనిపిస్తుంది. కనిపించనీ. గుంటక అన్న మాట ఎన్ని ఇళ్ళలో బతికి ఉందో అలాగే తెలుస్తుంది. ఒక్క ఇంట్లోనే దొరికిన మాట ఏదో కూడా తెలుస్తుంది. మళ్ళీ ముందుగా పోవలసింది ఆ ఇంటికే, ఆ అవ్వ ఉండగానే.

తోటి విద్యార్థులారా, ఈ సెలవుల్లో మీరూ మీ పెద్దల్ని అడిగి రాసుకోండి. మాట పక్కన వారి పేరు రాయడం మరవకండి.