చివ్వెంల టు చార్మినార్.. జేబును బట్టి రూటు!

చివ్వెంల నుంచి హైదరాబాద్ దగ్గరదగ్గర 140 కిలోమీటర్లు. సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కితే రాత్రికి ఇంటికి చేరొచ్చు. కానీ ట్రిప్ ఒకటే అయినా అందరి ఖర్చూ ఒకటి కాదు.

ఐదొందల ప్లాన్: ఇది అక్కాచెల్లెళ్లది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆధార్ మరవొద్దు. తొందరపడి సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం ఛార్జీ కట్టాల్సిందే. సిటీ ఆర్డినరీ బస్సులూ ఫ్రీనే. అంటే ఐదొందలూ తిండికీ, చార్మినార్ టికెట్‌కే!

వెయ్యి ప్లాన్: తమ్ముళ్లూ, ఇది మనది. రానుపోను బస్సుకే సగానికి దగ్గరగా పోతుంది. తిరుగు ఛార్జీ ముందే పక్కన పెట్టుకోండి. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ దాకా ట్రాఫిక్ గోల లేదు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం నడిచేంత దూరమే. శుక్రవారం సెలవు, చూసుకోండి.

రెండున్నర వేల ప్లాన్: ఏసీ బస్సు, క్యాబ్, హాయిగా బిర్యానీ. చూసేది మాత్రం అదే చార్మినార్!

‘ఆడపిల్లకు సిటీ ఎందుకు, ఖర్చు దండగ’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. లెక్క వేసి చూపించండి. ఇంట్లో అందరికన్నా చవగ్గా వెళ్లొచ్చేది ఆమే.